ప్రశ్నకూ జవాబుకూ నడుమ

జూలై 6

అత్తయ్యకు,

నేను ఫోను ఎత్తడం లేదని హాస్టల్ వార్డెనుకి ఫోన్ చేశావట. ఆవిడ పాపం మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వచ్చి, "మీ అత్తగారట. బతికే ఉన్నావా అని అడగమన్నారు" అంది. వరండాలో ఉన్న పిల్లలందరూ నీకు పెళ్ళెప్పుడయ్యిందే అని నా వెంటపడ్డారు. మేనత్తే, పెంచిన మేనత్త అని చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

బతికే ఉన్నాను. కోపం కూడా లేదు. కానీ ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. ఎందుకంటే ఫోన్లో అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. మొన్న ఆదివారం సంగతి గుర్తుందా? "తిన్నావా? తినే ఉంటావులే. నిద్ర పడుతోందా? నీకేం, మొద్దునిద్ర. చదువు సాగుతోందా? ఎందుకు సాగదు! సరే ఉంటా" అని పెట్టేశావు. హలో తర్వాత నేను ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. కాగితం మీదయితే నువ్వు అడ్డు రాలేవు.

ఇప్పుడు అసలు సంగతి. మన కాలేజీ ఏటా తన సొంత నిధి నుంచి ఇచ్చే పరిశోధన గ్రాంటుకి ఈసారి నేనూ దరఖాస్తు పెడుతున్నాను. మీ అధ్యాపకుల వాటా వేరు, మా పరిశోధక విద్యార్థుల వాటా వేరు కదా. మా వాటా ఈ ఏడు ఒక్కరికేనని నోటీసు బోర్డు మీద అంటించారు. అది వస్తే ఊరి చివరి బళ్ళకి తిరగగలను. క్లాసుని రికార్డు చేసే యంత్రం కొనుక్కోగలను. రికార్డయినదంతా విని కాగితం మీద పెట్టడానికి ఒక మనిషిని పెట్టుకోగలను. రాకపోతే లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు చూసి ఇంకో పుస్తకం రాయడమే.

ఆ కమిటీలో నువ్వున్నావని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను. నాకు సాయం చెయ్యకు. ఒక్క వాక్యం దిద్దకు. ఎవరికీ ఒక్క మాట చెప్పకు. చిన్నప్పటి నుంచీ నేను ఏది నెగ్గినా "మేడం గారి మేనకోడలు కదా" అన్న మాట వెనకాలే వచ్చింది. ఈ ఒక్కటి నాదిగా రావాలి అత్తా.

నా గదిలో ఉండే నిచ్చెన కూడా పెడుతోంది. చెప్పానుగా, బల్బు మార్చడానికి కుర్చీ ఎక్కనక్కర్లేని మనిషి. ఇది రాకపోతే చదువు ఆపేసి మళ్ళీ ట్యూషన్ సెంటరు ఉద్యోగానికి పోతానంటోంది. ఇద్దరం ఒకే బల్లకి చెరోపక్క కూర్చుని, పరీక్ష హాల్లో పిల్లల్లా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంటున్నాం. చేతులు నొప్పిపుట్టినప్పుడు దానికి మనింటి కబుర్లు చెబుతుంటాను. మా నానమ్మంటే దానికి పిచ్చి. అడిగి అడిగి చెప్పించుకుంటుంది.

పిట్ట


జూలై 14

ఒసే పిట్టా,

ఉత్తరాలట, ఉత్తరాలు! సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, మా పిట్ట కొంచెం, కూత ఇంకా కొంచెం. అమ్మ లేని పిల్లగా నా చెయ్యి పట్టుకున్న రోజు నుంచీ నీ నోట్లోంచి మాట రావాలంటే గగనమే. నువ్వు చెప్పవు కాబట్టే కదా నేను చెప్పేది!

ఇక్కడి సంగతులు చెబుతాను. ఈ కొత్త శిక్షణ కేంద్రం తెరవమని నన్ను ఏడాదికి పంపారు కానీ, దాన్ని కట్టడం పూర్తిచెయ్యమని కూడా నాకే చెప్పి ఉండాల్సింది. గోడలకి సున్నం ఇంకా ఆరలేదు. చెయ్యి ఆనిస్తే తెల్లగా అంటుకుంటోంది. కుర్చీలకి ప్లాస్టిక్ తొడుగులు తియ్యొద్దని స్టోరు గుమస్తా ఆజ్ఞ, కూర్చుంటే కిర్రుమంటాయి. నల్లబల్లలు మరీ ఎత్తున బిగించారు. మీ నిచ్చెనని పంపు, పాఠాలు చెప్పే ఉద్యోగం ఇప్పిస్తాను. టీచర్ కావడానికి వచ్చినవాళ్ళు మాత్రం మంచివాళ్ళు. ఏం అడిగినా తలలూపుతారు.

నీ అంశమేమిటి? వద్దు, చెప్పకు, చెప్పకూడదు. భయంగా ఉందా? నీకు భయమేమిటి, నేను పెంచిన పిల్లవి.

నీ ఉత్తరం అందిన పూటే డీన్ గారికి రాశాను, నా మేనకోడలు పెడుతోంది, నన్ను తప్పించండి అని. ఆయన ఫోన్ చేసి, "ఈసారి చదివేవాళ్ళమే ముగ్గురం మేడం. మీరు కూడా పోతే బండి నడవదు. పేర్లు తీసేసి నంబర్లు వేస్తాం. మీవాళ్ళదని ఏ కాస్త అనుమానం వచ్చినా అక్కడే ఆపేసి నాకు తిప్పి పంపండి, దాన్ని మీ బదులు, గణాంకాలు చెప్పే కొలతల మాస్టారికి ఇస్తాను" అన్నారు. కాబట్టి నీది ఆయన చేతిలో పడుతుంది, జాగ్రత్త. పట్టికలు లేని కాగితం కనబడితే ఆయన చదవడు, వాసన చూసి పక్కన పెడతాడు. నీది నాకు తెలియకుండా పోతుందా అంటావేమో. నీ రాతని చీకట్లో కూడా గుర్తుపడతాను.

సాయం చెయ్యనులే. కానీ రెండు మాటలు. ఇవి సాయం కాదు, పెద్దరికం. ఒకటి, నేల విడిచి సాము చెయ్యకు. రెండు, ఇంటి సంగతులు పరిశోధనలోకి లాగకు, చదివేవాళ్ళ దగ్గర పలచనవుతావు. నీ రాతకి నగిషీలెక్కువ. అవి చెక్కేస్తే అసలు వస్తువు బయటపడుతుంది.

తలకి నూనె పెట్టుకుంటున్నావా? పెట్టుకోవని తెలుసు.

నీ అత్తయ్య


ఆగస్టు 3

అత్తా,

దరఖాస్తులు టైపు చేయించి ఇచ్చేశాం. ఇద్దరం కలిసే వెళ్ళాం. డీన్ ఆఫీసు గుమస్తా మా పేర్లున్న చోట పసుపురంగు కాగితం అంటించి, గట్టిగా రుద్ది, దీపానికి ఎదురుగా పెట్టి చూసి, మళ్ళీ ఇంకో కాగితం అంటించాడు. అంత శ్రద్ధ నేను నా థీసిస్ మీద కూడా పెట్టలేదు. బయటికొచ్చి నిచ్చెనా నేనూ ఒకరికొకరం షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని, ఒకే టీని రెండు కప్పుల్లో పోయించుకుని తాగాం.

నీ పెద్దరికం మాటలు రెండూ విన్నాను. పాటించానా లేదా అన్నది మాత్రం చెప్పను.

ఇంకొకటి. "భయంగా ఉందా" అని అడిగి, "నీకు భయమేమిటి" అని నువ్వే రాశావు. కాగితం మీద కూడా అడ్డొచ్చావు, ఒప్పుకోవాల్సిందే! అయినా జవాబు చెబుతున్నాను. భయంగానే ఉంది. చాలా.

పిట్ట


ఆగస్టు 25

పిట్టా,

దరఖాస్తుల కట్ట వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద పెట్టుకుని, కిర్రుకుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తీశాను.

ఎక్కువ చెప్పకూడదు. ఇంత మాత్రం చెబుతాను. నీది మొదటి పేరాలోనే తెలిసిపోయింది. తర్వాత ఒక్క అక్షరం చదివితే ఒట్టు. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. సంతకాల కోసం వచ్చిన గుమస్తా "ఏమైంది మేడం" అన్నాడు. సున్నం కంట్లో పడిందన్నాను. నమ్మినట్టే ఉన్నాడు, ఈ భవనంలో అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. సాయంత్రం పోస్టులోనే దాన్ని డీన్ గారికి తిప్పి పంపేశాను. కాబట్టి నువ్వు నెగ్గితే అది అక్షరాలా నీదే. నా చెయ్యి దాని మీద పడలేదు.

నేను చెప్పిన రెండో మాట నువ్వు వినలేదు. విననందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

మిగిలినవి చదివి మార్కులేశాను. చాలా వరకూ ఊకదంపుడు. కానీ వాటిలో ఒకటి ఉందే, అబ్బ! ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఆ రాసిన మనిషెవరో గానీ ఎప్పటికైనా పరిచయం చేసుకో, నీకు నేర్చుకోవడానికి బోలెడుంది. రావాల్సిన మార్కులన్నీ వేశాను. నీకు పోటీ అని తెలిసి కూడా వేశాను. నా మీద కోపం తెచ్చుకుంటావా? తెచ్చుకోవులే.

నీ అత్తయ్య


సెప్టెంబర్ 4

అత్తా,

కోపం లేదు. మంచిదానికి మంచి మార్కులు పడాల్సిందే.

నన్ను నిలవనివ్వనిది వేరే. కళ్ళు తుడుచుకున్నానని రాశావు. నిన్ను ఏడిపించాలని రాయలేదు అత్తా. ఆ మొదటి పేరాలో మనిషి ఎవరో ఎవరికీ తెలియకూడదనే పేరు పెట్టకుండా రాశాను. నీకు తెలిసిపోతుందేమోనని ఆ పేరా తీసేశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. అది లేకపోతే మిగతాదంతా ఎందుకు రాస్తున్నానో నాకే అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచీ గొంతులో ఉండిపోయిన సంగతి అది. ఇంకెలా చెప్పాలో తెలియక, దానికి పరిశోధన అని పేరు పెట్టి చెప్పాను.

నీకు బాధ కలిగిందా? దీనికి జవాబు నువ్వే చెప్పాలి, నేను చెప్పను.

పిట్ట


సెప్టెంబర్ 13

పిచ్చి పిట్టా,

బాధేమిటే! నా జన్మలో నాకు దక్కిన గౌరవం అది. ఆ మనిషి పద్ధతి చూసి ఇరుగుపొరుగంతా నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఆ పద్ధతి వల్లే కదా మన ఇంట్లో ఇంతమందిమి నాలుగక్షరాలు నేర్చుకుని మనుషులమయ్యాం. టీచర్లందరూ ఆ మనిషి దగ్గర పాఠాలు నేర్చుకోవాలి. నేను ఈ మాట నా క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. పైకి చెప్పుకోలేదు గానీ, నేను చేసేదంతా ఆ మనిషి చూపించిన దారే.

గొంతులో పెట్టుకుని ఇన్నేళ్ళు ఎందుకు ఉన్నావు? నన్ను అడిగితే ఇంకా బోలెడు చెప్పేదాన్ని.

ఇక్కడ నల్లబల్లలు కిందికి దించారు. ఇప్పుడు మరీ కిందికి దించారు. వంగి రాయాల్సి వస్తోంది.

నీ అత్తయ్య


అక్టోబర్ 2

అత్తయ్యకు,

గ్రాంటు నాకు వచ్చింది.

ఉత్తర్వుతో పాటు చదివిన ముగ్గురి వ్యాఖ్యలూ టైపు చేసి ఇచ్చారు. పేర్లుండవు. మొదటిది, రెండోది, మూడోది, అంతే. వాటిలో రెండోది ఇలా ఉంది: "ఈ అభ్యర్థి నేల విడిచి సాము చెయ్యలేదు. రాతకి నగిషీలు లేవు. అసలు వస్తువు బయటపడింది."

ఈ మాటలు ఇదే వరసలో అనే మనిషి ఈ లోకంలో నాకు ఒక్కరే తెలుసు.

తిప్పి పంపానన్నావు. మొదటి పేరా దాటి ఒక్క అక్షరం చదివితే ఒట్టన్నావు. చూస్తే చివరిదాకా చదివి, రావాల్సిన మార్కులన్నీ వేసి కూర్చున్నావు. నేను అడిగింది ఒకే ఒక్కటి అత్తా, సాయం చెయ్యకు అని. అది కూడా నా నోట్లోంచి పూర్తిగా రాకముందే నీ జవాబు నువ్వు చెప్పేశావు.

పైగా ఈ నాటకమెందుకు? బళ్ళో టీచర్ ప్రశ్న అడిగాక పిల్లల కోసం ఎంతసేపు ఆగుతుంది, కాస్త ఎక్కువ ఆగితే కొత్తగా ఎవరు నోరు విప్పుతారు, ఇదీ నేను చెయ్యబోయే పని. దానికి నువ్వు రాసింది చూడు: "ప్రశ్న అడిగి, ఊపిరి పీల్చుకునే లోపే తానే జవాబు చెప్పే ఇలాంటి టీచర్లు నాకు బాగా తెలుసు. వీళ్ళు ఇంట్లో కూడా ఇంతే అయి ఉంటారు. పాపం ఆ ఇంటి పిల్లలు!" ఇది చదివి నవ్వాలా? పోయిన ఉత్తరంలో "టీచర్లందరూ ఆ మనిషి దగ్గర పాఠాలు నేర్చుకోవాలి" అని నీ గురించి నువ్వే రాసుకున్నప్పుడు కూడా ఏమనాలో తెలియలేదు. అత్తకి ఇది కూడా గొప్పే అయిందా అనుకుని ఊరుకున్నాను.

చివర్న ఇంకో రెండు వాక్యాలున్నాయి. "కొత్తగా బళ్ళో చేరిన పిల్లని 'ఇల్లు గుర్తొస్తోందా? రాదులే, నేనున్నాగా' అని టీచర్ అనేసిందట. ఆగి ఉంటే ఆ పిల్ల ఏం చెప్పి ఉండేదా అని నాకు ఆ రోజంతా అనిపించింది." ఇది కూడా నాటకమేనా? ఇది ఒక్కటైనా కాకుండా ఉంటే బావుణ్ణు.

నిచ్చెనకి రాలేదు. దాని కాగితం మీద, పేరు లేకపోయినా తెలిసిపోతున్న కొలతల మాస్టారి మాటలు రెండే: "కథ బాగుంది. కొలత ఏది?" నాకొచ్చిందని తెలిసి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. ఆ తర్వాత మంచం కింద నుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. దాని మొహం చూడలేక వచ్చి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

మేడం గారి మేనకోడలు


అక్టోబర్ 8

పిట్టా,

ఆ సంతకం ఇంకెప్పుడూ పెట్టకు. నీకు దణ్ణం పెడతాను.

మా అమ్మ మీద ఒట్టు, నేను తిప్పి పంపింది నీదే అనుకున్నాను. అందులో చదువురాని ఒక తల్లి ఉంది. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం పైకి చదవమంటుంది. పుస్తకం వైపు చూడదు, చూసినా లాభం లేదు. పిల్లల ముఖం చూస్తుంది. ముఖం ఎక్కడ తడబడితే అక్కడ "మళ్ళీ చదువు" అంటుంది. అలా ఆ ఇంట్లో పిల్లలెవరూ తప్పు చదువుతూ బడికి వెళ్ళలేదని రాసి ఉంది. అది మీ నానమ్మ కాదూ! నువ్వు కాక ఇంకెవరు రాస్తారు? చదువురాని తల్లిదండ్రులు పిల్లల చదువుకి ఎలా సాయపడతారో చూడాలని ఉంది ఆ పరిశోధన. నా మాట కాదని ఇంటి సంగతి రాశావు, మా అమ్మని పరిశోధన దాకా తెచ్చావు అని నేను మురిసి ముక్కలైపోయాను. మీ నిచ్చెనకి కబుర్లు చెబుతున్నానని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. ఆ ముక్క నా బుర్రకి తట్టలేదు.

నేను మా అమ్మ గురించి రాస్తుంటే, నువ్వు నా గురించి అనుకున్నావు. నువ్వు నా గురించి క్షమాపణ చెబుతుంటే, నేను మా అమ్మ గురించి అనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఇద్దరమూ ఊదాం, ఇద్దరమూ చెవిటివాళ్ళమే.

నువ్వేమో నా మాట తు.చ. తప్పకుండా విన్నావు. నగిషీ తీసేశావు. ఇల్లు తీసేసి బడి చేశావు. నేను చెప్పినట్టే రాశావు. అలా రాస్తే అది నువ్వని నాకు తెలియలేదే! చీకట్లో గుర్తుపడతానన్న దాన్ని, పట్టపగలు కిటికీ పక్కన కూర్చుని గుర్తుపట్టలేదు.

"పాపం ఆ ఇంటి పిల్లలు" అని రాసింది నేనే. నాటకం కాదు. మనస్ఫూర్తిగా జాలిపడి రాశాను. ఆ ఇల్లు నాదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అది చదివిన దగ్గర్నుంచీ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. నాకు మాట్లాడబుద్ధి కాకపోవడమంటే ఏమిటో నీకు తెలుసు.

డీన్ గారికి ఇప్పుడే రాస్తున్నాను. నేను తప్పు కాగితం తిప్పి పంపానని, రెండింటినీ మనల్ని ఎరగని మనిషి చేత మళ్ళీ చదివించమని. నీ గ్రాంటు పోవచ్చు. నీకు సమ్మతమేనా? ఒప్పుకుంటావులే

చూశావా, మళ్ళీ! ఆ రెండు ముక్కలు కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా కింద కనబడుతూనే ఉంటాయని ఉంచేశాను. నువ్వు కాదన్నా రాయక తప్పదు, అది నా పని. కానీ నీ మాట వినాలని ఉంది.

అత్తయ్య


అక్టోబర్ 29

అత్తా,

నీ ఉత్తరం నా చేతికొచ్చేసరికి నేను డీన్ గారి గదికి వెళ్ళి రావడం కూడా అయిపోయింది. రెండో వ్యాఖ్య ఆయన ముందు పెట్టి, "ఇది మా అత్తయ్య రాసింది సార్, ఈ గ్రాంటు నేను తీసుకోలేను" అన్నాను. మర్నాడు నువ్వు రాసిన ఉత్తరం ఆయనకి అందాక నన్ను మళ్ళీ పిలిచి, "అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం విన్నాను గానీ, ఇద్దరూ చెరోవైపు నుంచీ వచ్చి గ్రాంటు వద్దనడం ఎక్కడా వినలేదమ్మా" అన్నారు. రెండు దరఖాస్తులనీ వేరే కాలేజీలో ఒకావిడకి పంపించారు.

గ్రాంటు నిచ్చెనకి వచ్చింది.

ఆవిడ నాకు రాసింది ఇది: "ఆలోచన మంచిదే. కానీ రాసిన మనిషి ఇందులో ఎక్కడా కనబడలేదు." నిన్ను ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. నగిషీ తియ్యమంది నువ్వయినా, చెక్కింది నా చెయ్యే.

బాధగా ఉంది. లేదని అబద్ధమాడను. ఒక పూటంతా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నిచ్చెన పక్కన కూర్చుని, "మీ నానమ్మని నేను దొంగిలించానే" అని నాకంటే ఎక్కువ ఏడ్చింది. "దొంగిలించడమేమిటే, ఇచ్చింది నేను కదా. నానమ్మకి పరాయి పిల్లలంటూ ఎప్పుడూ లేరు" అన్నాను. దాని పెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది. అది చూసినప్పుడు మాత్రం నిజంగా హాయిగా అనిపించింది.

నువ్వు నన్ను గుర్తుపట్టలేదన్న చోట చాలాసేపు ఆగిపోయాను. మొదట ఏడుపొచ్చింది. తర్వాత ఇంకోలా అనిపించింది. నేను నీ మేనకోడల్నని తెలియకుండా నువ్వు చదివి మెచ్చుకున్నది నా బతుకులో ఇదొక్కటే. నాకు కావాల్సింది గ్రాంటు అనుకున్నాను. ఇదేనేమో. ఆ రెండో వ్యాఖ్యని బల్ల పైన గోడకి అంటించుకున్నాను.

ఆ పిల్ల ఏం చెప్పి ఉండేదా అని రాశావు కదా. ఆ పిల్ల నిలబడింది బళ్ళో కాదు, మన వంటింట్లో. అమ్మ పోయాక నాన్న నన్ను నీ దగ్గర దింపి పనికి వెళ్ళిపోయిన రోజు. నువ్వు నాకు జడ వేస్తూ అడిగావు. అడిగింది ఇంటి గురించి కాదు. నీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర యంత్రం లేదు, మనిషి లేదు. చేతి గడియారం ఉంది, పెన్సిలుంది. అన్ని బళ్ళూ వద్దు, ఒక్క క్లాసుతో మొదలుపెడతాను. అది నీ క్లాసు కావాలి. వెనక బెంచీ మీద కూర్చుని, నువ్వు ఎంతసేపు ఆగుతావో రాసుకుంటాను. రానిస్తావా?

పిట్ట


నవంబర్ 7

పిట్టా,

రా.

నువ్వు వచ్చేలోపు కాస్త సాధన చేద్దామని సోమవారం ప్రయత్నించాను. ప్రశ్న అడిగి, పళ్ళ మధ్య నాలుక పెట్టుకుని నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఆ గదిలో నేను మొదటిసారి విన్నాను. ముందు వరసవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. నాకు ఒంట్లో బాగాలేదనుకుని ఒకతను లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాను, మళ్ళీ నిలబడ్డాను. నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకు ఇన్నేళ్ళూ తెలియదే! అప్పుడు మూలనుంచి, వచ్చిన దగ్గర్నుంచీ గొంతే వినిపించని ఒకావిడ "మేడం, నాకు వేరేలా అనిపిస్తోంది" అంది. చెప్పింది. తప్పు చెప్పింది. కానీ ఎందుకు తప్పో తేల్చడానికి మిగతా గంటంతా వాళ్ళే మాట్లాడారు, నేను మాట్లాడింది తక్కువ. బయటికొచ్చాక స్టోరు గుమస్తా "మేడం గారు ఇవాళ రాలేదా" అని అడిగాడట.

ఆ రోజు నాకు గుర్తుంది. మర్చిపోలేదు.

నీకు జడ వేస్తున్నాను, కాబట్టి నీ వెనక నిలబడ్డాను. నీ ముఖం నాకు కనబడలేదు. మా అమ్మ అయితే ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం చూసేది. ఆవిడ కూతుర్ని అయి ఉండి, నేను వెనక నుంచి అడిగాను. అడిగిన మరుక్షణమే భయం వేసింది. నువ్వు అవునంటే తిరిగి ఏం చెప్పాలో నాకు తెలియదు. మీ అమ్మని నేను తెచ్చివ్వలేను కదా. అందుకే నీ జవాబు నేనే చెప్పేసి, గబగబా రిబ్బను ముడేశాను. అప్పటి నుంచీ అదే అలవాటైపోయినట్టుంది. నీకు ఏ జవాబు వస్తుందోనన్న భయంతో అన్నిటికీ నేనే చెప్పుకుంటూ వచ్చాను.

నువ్వు రాగానే క్లాసుకి వెళ్ళొద్దు. ముందు ఇంటికి రా. కిర్రుకుర్చీలు రెండు ఎదురెదురుగా వేస్తాను. జడ తర్వాత వేస్తాను. నీకు ఎదురుగా కూర్చుని, నీ ముఖం చూస్తూ అడుగుతాను. చేతి గడియారం నువ్వే పట్టుకో. ఎంతసేపైనా సరే.

ఇప్పుడే అడిగేస్తున్నాను, దారంతా ఆలోచించుకుంటూ రా.

మీ అమ్మ గుర్తొస్తోందా?

అత్తయ్య